పావురం ఈకల్లో జనాభా లెక్కలు

(మా ఊరి తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా సంఘం అధ్యక్షుడు రెండు వారాల క్రితం ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి ఏదైనా సైన్సు విషయం చెప్పండి. అందరికీ అర్థమయ్యేలా, ఓ అరగంట" అన్నాడు. "పావురాల ఒంటి మీద ఉండే పేల గురించి చెబుతానోయ్" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత నెమ్మదిగా, "అయితే మీ ప్రసంగం భోజనాలయ్యాక పెట్టుకుందాం మాస్టారూ" అన్నాడు. అందుకని, మీరంతా గుత్తివంకాయ కూరా, పెరుగన్నం తిని కునికిపాట్లు పడే ఈ వేళలో నాకు అవకాశం వచ్చింది. నిద్రపోయేవాళ్ళు నిరభ్యంతరంగా పోవచ్చు. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకది కొత్త కాదు.

పేనుకి పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందట అని మన సామెత. ఈ అరగంట పెత్తనం పేనుదే. కానీ భయపడకండి. నేను చెప్పే పేలు మన నెత్తి జోలికి రావు. మన తలలో పేను నెత్తురు తాగి బతుకుతుంది. పావురం మీద నేను చెప్పబోయే రెండు రకాలూ ఈకలు తిని బతుకుతాయి. మన ఒంటి మీద పడ్డా వాటికి తిండి దొరకదు, కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. కాబట్టి ఎవరూ ఇప్పణ్ణించే తల గోక్కోనక్కర్లేదు. (నవ్వులు) చూశారా, ఆ మాట అనగానే నలుగురు గోక్కున్నారు!

అసలు నాకూ ఈ పేలకూ చుట్టరికం ఎలా కలిసిందో ముందు చెప్పాలి.

1978లో నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు చెయ్యాలి. ఖర్చు పెట్టే స్థోమత నాకూ లేదు, డిపార్టుమెంటుకీ లేదు. మా గురువుగారు కిటికీలోంచి బయటికి చూసి, వెంటిలేటర్ మీద కూచున్న పావురాన్ని చూపించి, "ఆ పక్షి మీద ఎంతమంది కాపురం ఉంటున్నారో లెక్క తీసుకురా" అన్నారు. ఏయే జాతులు, ఒక్కో పక్షి మీద ఎన్ని, అందులో ఆడవెన్ని, మగవెన్ని, పిల్లలెన్ని. అంతే. కాగితం, కలం, ఒక భూతద్దం ఉంటే చాలు.

మాది తెనాలి దగ్గర పల్లె. పావురాలకి కరువు లేదు. పాత దిగుడుబావుల గూళ్ళలో, రైసుమిల్లు కప్పు కింద, గుడి గోపురం మీద ఎక్కడ చూసినా అవే. మా చిన్నాన్న కొడుకు వల వేసి పట్టేవాడు. నేను తెల్లకాగితం పరిచి, పక్షి ఈకల్లో పైరెత్రం పొడి జల్లి, వేళ్ళతో ఈకల్ని ఎదురు దువ్వేవాణ్ణి. పైరెత్రం అంటే చామంతి జాతి పువ్వు నుంచి తీసే మందు. అది తగిలిన పేలు మత్తెక్కి కాగితం మీద రాలేవి. తరవాత పక్షిని వదిలేసి, రాలినవాటిని లెక్కపెట్టేవాణ్ణి. మా నాయనమ్మ అరుగు మీద కూచుని ఇదంతా చూసి, "లక్షణంగా పై చదువు చదివిస్తున్నాం అనుకుంటే, వీడు పావురాలకి పేలు చూస్తున్నాడే!" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకునేది. అప్పుడు ఆవిడ చేతిలో పేలదువ్వెన, ఒళ్ళో మా చెల్లెలి తల. అంటే ఆ అరుగు మీద ఇద్దరం చేసే పని ఒకటే. ఆవిడకి డిగ్రీ ఇవ్వలేదు, అంతే తేడా.

ఇప్పుడు ఆ కాపురాల సంగతి.

మనం ఊళ్ళల్లో చూసే పావురం మీద ముఖ్యంగా రెండు జాతుల ఈకపేలుంటాయి. ఇంకా ఒకటీ రెండూ ఉన్నాయి గానీ వాటిని వదిలేద్దాం. మొదటిది కొలంబికోలా కొలంబే. దీన్ని రెక్కపేను అందాం. సన్నగా, పొడుగ్గా, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. చిన్న పుల్లముక్కలా ఉంటుంది. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన జీవుల్లో ఇదొకటి. రెండోది కాంపాన్యులోటిస్ కంపార్. దీన్ని ఒంటిపేను అందాం. సుమారు ఒక మిల్లీమీటరు, గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది.

రెక్కపేను పెద్ద రెక్క ఈకల మీద నివాసం ఉంటుంది. ఈకకి రెండువైపులా సన్నని పాయలుంటాయి కదా, ఆ పాయల మధ్య సందులో తన పుల్లలాంటి ఒంటిని ఇరికించుకుని దాక్కుంటుంది. ఒంటిపేను పొట్ట దగ్గరి మెత్తటి నూగులోకి దూరి దాక్కుంటుంది. అయితే తినడం మాత్రం రెండూ ఆ పొట్ట నూగే తింటాయి. రెక్కపేను ఆకలైనప్పుడు దిగి వచ్చి తిని వెళుతుంది. ఇళ్ళు వేరైనా వంటశాల ఒకటే. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన వాళ్ళకి ఇందులో ఉన్న గొడవ విడమరచి చెప్పక్కర్లేదు.

పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ ఆ పక్షి మీదే. ఆడపేను గుడ్డుని ఈకకి బంకతో అతికిస్తుంది. మన తల్లో ఈరు లాంటిదే. అందులోంచి వచ్చిన పిల్ల మూడుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దాకా మూడు నాలుగు వారాలు. తల్లి పావురం నుంచి గూట్లో పిల్లలకి ఎక్కడం వీటికి మామూలు దారి. మనం ఆస్తులిచ్చినట్టు అవి పేలిస్తాయి.

ఈ లెక్కల వల్ల లాభమేమిటి అంటారా? పిల్లపేలు ఎక్కువగా కనిపిస్తే ఆ జనాభా పెరుగుతోందని అర్థం. ముసలివే మిగిలి పిల్లలు కనపడకపోతే ఆ పక్షి మీద వాటి రోజులు దగ్గర పడ్డాయని అర్థం. మనుషుల జనాభా లెక్కల్లో వయసులవారీ పట్టిక చూసి దేశం భవిష్యత్తు చెప్పినట్టే, పేల పట్టిక చూసి ఆ పావురం సంగతి చెప్పొచ్చు.

అలా నేను కొన్ని నెలలు లెక్కపెట్టాను. చాలా పక్షుల మీద కాసినే ఉన్నాయి. కొన్నిటి మీద అసలు లేవు. ఒకరోజు రైసుమిల్లు దగ్గర ఒక మగపావురం దొరికింది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. పొడి జల్లగానే తెల్లకాగితం నల్లబడిపోయింది. ఆ ఒక్కదాని మీద ఉన్న పేలు, అప్పటిదాకా నేను చూసిన పక్షులన్నిటి మీదా కలిపి ఉన్నవాటికంటే ఎక్కువ.

నాకు సంతోషం వెయ్యాలి కదా? వెయ్యలేదు. భయం వేసింది. ఎందుకంటే ఆ ఒక్క అంకె నా సగటుని పాడుచేసింది. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న పట్టిక ఒక్కసారి వంకర తిరిగింది. పరీక్షకులు అడిగితే ఏం చెప్పను? అందుకని నోటుపుస్తకంలో ఆ వరస పక్కన పెన్సిలుతో 'పొరపాటు కావచ్చు' అని రాసుకుని, పట్టికలోంచి ఆ పావురాన్ని తీసేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేనే తీసేశాను. ప్రాజెక్టుకి మంచి మార్కులు వచ్చాయి. 'చక్కని సమతూకం గల గణాంకాలు' అని మెచ్చుకున్నారు కూడా.

మిత్రులారా, ఈ ప్రసంగం ఆ తీసేసిన పావురం గురించి.

తరవాత పాఠాలు చెబుతూ చదువుకున్న కొద్దీ నాకు తెలిసివచ్చింది. పరాన్నజీవుల జనాభా ఎక్కడ చూసినా దాదాపు ఇంతే. ఎక్కువ పక్షుల మీద కొంచెం, కొద్ది పక్షుల మీద విపరీతం. ఊహకి ఒక లెక్క చెబుతాను. పది పావురాలున్నాయి. తొమ్మిదింటి మీద తలా 5 పేలు. పదోదాని మీద 455. మొత్తం 500. సగటు 50. బాగానే ఉంది. కానీ ఆ పదింటిలో 50 పేలున్న పావురం ఏది? ఒక్కటీ లేదు! సగటు చెప్పే పావురం లోకంలోనే లేదు. ఇంకోవైపు నుంచి చూడండి. పేనుని అడిగితే, 'మా వాళ్ళలో నూటికి తొంభై మంది ఆ పదో పావురం మీదే ఉంటున్నాం' అంటుంది. దాన్ని తీసేస్తే మిగిలేది జనాభా లెక్క కాదు, జనాభాలో పదోవంతు లెక్క.

సరే, ఆ పదోదాని మీదే ఎందుకు అన్ని? దీనికి జవాబు పావురం ముక్కులో ఉంది.

ఈసారి పావురాన్ని దగ్గరగా చూడండి. పై ముక్కు కొన కింది ముక్కు మీదుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకొచ్చి కిందికి వంగి ఉంటుంది. గింజలు ఏరుకోడానికి అనుకుంటాం. సాల్ట్ లేక్ సిటీలోని యూటా విశ్వవిద్యాలయంలో డేల్ క్లేటన్, సారా బుష్ అనే శాస్త్రవేత్తలు తమ విద్యార్థులతో ఏళ్ళ తరబడి ఈ పావురాలనీ పేలనీ పరిశోధించారు. 2005లో క్లేటన్ బృందం ప్రకటించిన ప్రయోగం ఒకటి వినండి. పావురాల ముక్కుకొనని, మనం గోళ్ళు తీసుకున్నట్టు, కొంచెం కత్తిరించారు. నొప్పి లేదు, నెత్తురు రాదు. ఆ పక్షులు తిండి ఎప్పటిలాగే తిన్నాయి. కానీ వాటి మీద పేలు విపరీతంగా పెరిగిపోయాయి. కొన్నాళ్ళకి ముక్కుకొన మళ్ళీ పెరిగింది. పేలు మళ్ళీ తగ్గిపోయాయి. అంటే ఆ వంకీ గింజల కోసం కాదు, పేల కోసం! పావురం ఈకలు సవరించుకునేటప్పుడు కింది ముక్కు ముందుకి జరిగి ఆ వంకీకి రాసుకుంటుంది. మధ్యలో చిక్కిన పేను కత్తెరలో పడ్డట్టే. మా నాయనమ్మ రెండు బొటనవేలి గోళ్ళ మధ్య టిక్కుమనిపించిన పనే అది.

ఆ వ్యాసం నేను చదివేనాటికి ఈ దేశం వచ్చి కొన్నేళ్ళయింది. చదువుతుంటే వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. తరవాత ఇండియా వెళ్ళినప్పుడు మా ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తూ పాత ట్రంకుపెట్టె తెరిచాను. నోటుపుస్తకం దొరికింది. 'పొరపాటు కావచ్చు' అని పెన్సిలు రాత. దాని పైన, పక్షి గుర్తులు రాసుకునే గడిలో, నా చేతిరాతతోనే, సిరాతో ఉంది: 'ముక్కుకొన విరిగి ఉంది.'

నేను చూశాను. చూసి రాశాను. రాసి తీసేశాను. జవాబుని చేతిలో పట్టుకుని, లెక్క పాడవుతుందని పారేశాను. నేనేదో గొప్ప శాస్త్రవేత్తనయ్యేవాణ్ణని కాదు. ఆ పక్షి తనకు తానుగా చెప్పిన మాట ఒక్కటే, అది నేను వినలేదు. అదీ నా బాధ.

ఆ పక్షికి జరిగిన నష్టం కూడా చిన్నది కాదు. పేలు ఎక్కువైతే పొట్ట నూగు తరిగిపోతుంది. చలికి ఒళ్ళు వెచ్చగా ఉంచుకోడానికి పావురం ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాల్సివస్తుందని 1993లో క్లేటనూ ఆయన సహచరులూ కొలిచి చూపించారు. అంతకుముందు 1990లో ఆయనే ఇంకో సంగతి చూపించాడు. పేలు పట్టిన మగపావురాల్ని ఆడపావురాలు అంతగా ఇష్టపడవు. ఎంచుకునే అవకాశం ఉంటే శుభ్రంగా ఉన్నవాణ్ణే ఎంచుకుంటాయి. ముక్కు విరిగినవాడికి పేలు, పేలు పట్టినవాడికి చలి, చలికి చిక్కినవాడికి ఒంటరితనం. కష్టాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక రెండు జాతుల మధ్య పంపకం ఎలా జరుగుతుందో చూద్దాం. 2008లో బుష్, మలెంకీ అనే ఇద్దరు చూపించిన ప్రకారం, వంటశాల దగ్గర పోటీలో ఒంటిపేనుదే పైచెయ్యి. అది ఉన్నచోట రెక్కపేలు తగ్గుతాయి. మరి రెక్కపేను ఎలా బతికి బట్టకట్టింది? దానికి ఒక విద్య ఉంది. పావురాల మీద నెత్తురు తాగే ఒక బల్లపరుపు ఈగ ఉంటుంది. అది ఒక పావురం మీంచి ఇంకో పావురం మీదికి ఎగురుతూ ఉంటుంది. రెక్కపేను ఆ ఈగ కాలు పట్టుకుని వేలాడి, కొత్త పావురం మీద దిగుతుంది. ఒంటిపేనుకి ఈ విద్య సరిగ్గా అబ్బలేదు. ఇది కూడా 2008లో హార్బిసన్ బృందం గమనించిన సంగతే. ఉన్న ఊళ్ళో పోటీకి తట్టుకోలేనివాడు విమానం ఎక్కి కొత్త ఊళ్ళో దిగాడన్నమాట. ఎవరి గురించి చెబుతున్నానో మీకు అర్థమవుతోందనుకుంటాను. (నవ్వులు)

దీనికి తోడు గాలిలో తేమ. ఈకపేలు నీళ్ళు తాగవు. గాలిలోని తేమనే నోటితో పట్టి ఒంట్లోకి తీసుకుంటాయి. అందుకే ఎండు ప్రాంతాల్లో పావురాల మీద పేలు తక్కువ, తేమ ప్రాంతాల్లో ఎక్కువ. మా కృష్ణా డెల్టా గాలి వాటికి స్వర్గం. కాబట్టి ఒక పక్షి మీద ఎవరున్నారు, ఎందరున్నారు అన్నదానికి మూడు నాలుగు కారణాలు కలుస్తాయి. గాలి, పోటీ, ప్రయాణం. అన్నిటికంటే ముందు ముక్కు.

ఈ దేశంలో మనం పార్కింగు లాట్లలో చూసే పావురం కూడా ఇక్కడిది కాదండీ. 1600 తొలి ఏళ్ళలో యూరప్ వాళ్ళు పెంచుకోడానికి ఓడల్లో తెచ్చుకున్నవి. తప్పించుకుని ఊళ్ళలో స్థిరపడ్డాయి. వాటితో పాటు ఈ పేలూ వచ్చాయి. తెనాలి బావిలో నేను లెక్కపెట్టిన రెక్కపేనూ, ఇక్కడి రైల్వే వంతెన కింద పావురం మీది రెక్కపేనూ ఒకే జాతి. వీసా అడిగినవాడు లేడు.

కొత్తచోటుకి వెళితే మార్పు ఎంత తొందరగా వస్తుంది? ఇది మనందరి ప్రశ్న కదా. యూటాలో నాలుగేళ్ళపాటు, అంటే సుమారు 60 పేను తరాలపాటు, దీని మీద ప్రయోగాలు చేసి 2019లో ఫలితాలు ప్రకటించారు. మామూలు పావురాల మీది రెక్కపేలని తెల్ల పావురాల మీదికీ, నల్ల పావురాల మీదికీ మార్చారు. తెల్లవాటి మీద పేలు తెల్లబడ్డాయి, నల్లవాటి మీద నల్లబడ్డాయి. అయితే అసలు విషయం ఇక్కడుంది. కొన్ని పావురాలకి ముక్కు పూర్తిగా మూసుకోకుండా చిన్న అడ్డు పెట్టారు. అవి తింటాయి గానీ ఈకలు సరిగ్గా సవరించుకోలేవు. వాటి మీద పేల రంగు మారలేదు. అంటే పేనుని మార్చింది పావురం రంగు కాదు, పావురం ముక్కు. కంటికి కనిపించినవాటిని ముక్కు ఏరేస్తే, కనిపించనివి మిగిలి పిల్లల్ని కన్నాయి.

అదే ఏడు ఇంకో ప్రయోగం. మామూలు పావురాల మీది పేలని, బాగా పెద్ద సైజు పెంపుడు పావురాల మీదికి మార్చారు. నాలుగేళ్ళలో వాటి మీద పేలూ పెద్దవయ్యాయి. ఎంతగా అంటే, మళ్ళీ పాత సైజు పేలతో కలిపితే జత కుదరడం కష్టమైంది. ఒకే తాత సంతానం, నాలుగేళ్ళు వేరే ఇంట్లో పెరిగేసరికి సంబంధాలు కలవడం లేదు! మన మాట్రిమోనియల్ కమిటీ వారు ఇటు చూడకండి. అరవై తరాలంటే మన లెక్కలో పదిహేను వందల ఏళ్ళు. మనకింకా టైముంది.

ఇక పోవడాల సంగతి ఒకటి చెప్పి ముగింపులోకి వస్తాను. ఈ గడ్డ మీద ఒకప్పుడు పాసెంజర్ పావురాలని మూడు నుంచి అయిదు వందల కోట్ల దాకా ఉండేవని అంచనా. వేటాడి వేటాడి తుడిచిపెట్టారు. చివరిది, మార్తా అని పేరు పెట్టుకున్న ఆడపక్షి, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో కన్నుమూసింది. దాని జాతి మీద ఉండే ఒక పేనుకి 1937లో పేరు పెడుతూ 'ఎక్స్‌టింక్టస్' అన్నారు, అంటే అంతరించినది అని. ఇల్లు కూలితే ఇంట్లోవాళ్ళూ పోతారని లెక్క. కానీ 1999లో క్లేటన్, ప్రైస్ కలిసి చూపించారు, అదే పేను ఈ ఖండపు పడమటివైపు ఉండే పట్టీతోక పావురం మీద నిక్షేపంగా ఉందని! పోయిందని రాసేసిన పేరు మళ్ళీ బతికింది. కానీ అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందుని కాపాడాలని, అడవిలో మిగిలినవాటినన్నిటినీ 1987 నాటికి పట్టి తెచ్చి పెంచారు. పెంచేటప్పుడు మందు కొట్టి పేలు వదిలించారు. దాని మీద మాత్రమే ఉండే ఒక పేను జాతి ఆ దెబ్బతో పోయిందని భావిస్తున్నారు. పక్షి మిగిలింది. పేనుని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

లెక్కలో వేసుకోకపోవడం గురించే నా చివరి మాట.

2009లో మన సంఘం సభ్యుడొకాయనకి ఉద్యోగం పోయింది. పేరు చెప్పను. పాతవాళ్ళకి గుర్తుండవచ్చు. అంతకుముందు ప్రతి ఉగాదికీ పచ్చడి ఆయనే చేసి తెచ్చేవాడు. ఆ ఏడు రాలేదు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాం. దీపావళికీ రాలేదు. ఇల్లు అమ్ముకుని వేరే రాష్ట్రం వెళ్ళిపోయాడని తరవాతెప్పుడో తెలిసింది. ఆ ఏడాది సంఘం వార్షిక నివేదిక రాసింది నేనే. 'కార్యక్రమాలకు సగటు హాజరు పెరిగినది' అని రాశాను. నిజమే, పెరిగింది. అంకెలో తప్పు లేదు. కానీ నేను రెండోసారి ఆ ముక్కు విరిగిన పావురాన్ని పట్టికలోంచి తీసేశాను. మొదటిసారి తెలియక తీసేశాను. రెండోసారి తెలిసే వయసులో తీసేశాను.

మనవాళ్ళు ఈ దేశంలో సగటున బాగున్నారు. పత్రికలు రాస్తాయి, మనమూ చెప్పుకుంటాం, తప్పేం లేదు. కానీ కష్టాలు కూడా పేలలాంటివే. అందరి మీదా తలా కాసిని పంచుకుని ఉండవు. ఎక్కువ భాగం ఏ ఒకరిద్దరి మీదో కుప్ప పడి ఉంటాయి. వాళ్ళు సభలకి రారు. వచ్చినవాళ్ళని లెక్కపెట్టి, అందరూ బాగున్నారని మనం రాసుకుంటాం.

మరి ముక్కు విరిగినవాడికి దారేమిటి? దీనికీ పావురాల దగ్గరే జవాబుంది. పావురం ముక్కు ఒళ్ళంతా అందుతుంది గానీ, తన తలా, మెడా తన ముక్కుకి అందవు. కాలితో గోక్కోవాలి, లేదా ఇంకో పావురం వచ్చి సవరించాలి. జంటగా కూచున్న పావురాలు ఒకదాని మెడ ఇంకొకటి నిమరడం మీరందరూ చూసే ఉంటారు. అది ముద్దనుకుంటాం. 2016లో యూటా వాళ్ళే దాన్ని కూడా లెక్కపెట్టారు. పావురాలన్నిటి మీదా సమానంగా పేలు వదిలి, ఏది తన ఈకలు తను ఎంత సవరించుకుంటోంది, ఒకదానివి ఒకటి ఎంత సవరించుకుంటున్నాయి అని చూశారు. పరస్పరం ఎక్కువగా సవరించుకునే పావురాల మీద పేలు తక్కువగా ఉన్నాయి. ఇంకా పెద్ద సంగతేమిటంటే, ఒక పావురం మీద పేలెన్ని మిగులుతాయో అంచనా కట్టడానికి, తనను తాను ఎంత సవరించుకుంది అన్నదానికంటే, ఒకదాన్నొకటి ఎంత సవరించుకున్నాయి అన్నదే ఎక్కువ పనికొచ్చింది.

నాకు వెంటనే మా అరుగు గుర్తొచ్చింది. నాయనమ్మ ఒళ్ళో చెల్లెలు. చెల్లెలి తరవాత పక్కింటి పిల్ల. ఆ పిల్లకి అమ్మ లేదు. పిలవకుండానే వచ్చి వరసలో కూచునేది. నాయనమ్మ, "ఇటు తిరుగే" అనేది తప్ప, నీ తల నువ్వే చూసుకో అని ఏనాడూ అనలేదు. నా తెల్లకాగితం మీద లెక్కల కంటే ఆవిడ లెక్కే సరిగ్గా ఉంది. ఆవిడ ఎవర్నీ తీసెయ్యలేదు.

ఈ నెల నుంచి మన హాజరు పట్టీలో ఇంకో గడి పెట్టమని కార్యదర్శి గారిని అడిగాను. వచ్చినవాళ్ళెందరు అన్నదానికి పక్కన, పోయినసారి వచ్చి ఈసారి రానివాళ్ళెవరు అని. ఒప్పుకున్నారు. ఆ పేర్లకి ఫోన్లు చేసే పని నేను తీసుకున్నాను. రిటైరైనవాణ్ణి, నాకు ఇంకేం పని? మొదటి ఫోను పోయినవారం చేశాను, ఆ ఉగాదిపచ్చడి మిత్రుడికే. నంబరు సంపాదించడానికి నాలుగు ఊళ్ళు తిరగాల్సివచ్చింది. "ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా మాస్టారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ గంటన్నర మాట్లాడుకున్నాం.

 నిద్రపోయినవాళ్ళని పక్కవాళ్ళు కాస్త తట్టి లేపండి, కాఫీలు వచ్చాయి.

సెలవు.